హోటల్ సిబ్బంది చేత ఏ సిస్టం వాడించాలి? నెల్లూరు, ఒంగోలు వైపు లాడ్జీలు, రిసార్టులు, ట్రావెల్స్ వాళ్ల కోసం ఒక పోలిక

నెల్లూరు ట్రంకు రోడ్డులో 30 గదుల లాడ్జీ నడిపేవాళ్లు, మైపాడు బీచ్ దగ్గర కాటేజీలు వేసుకున్నవాళ్లు, ఒంగోలు బైపాస్ పక్కన హోటల్ పెట్టినవాళ్లు, తిరుపతికీ చెన్నై ఎయిర్‌పోర్టుకీ కార్లు తిప్పే ట్రావెల్స్ వాళ్లు ఈమధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. రిజిస్టర్లతోనే నెట్టుకురావాలా, రిసెప్షన్ కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ వేయించుకోవాలా, లెక్కలన్నీ కంపెనీ వాళ్ల సర్వర్లో ఉండి నెట్టు మీద నడిచే, నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ సిస్టంకి పోవాలా? హాజరుకి వేలిముద్ర మెషీన్ మంచిదా, ఫోన్లో ముఖం చూపించే యాప్ మంచిదా?

అమ్మేవాళ్లు వచ్చి డెమో ఇస్తారు. ఏసీ గదిలో ఓనరు, మేనేజరు కూర్చుని చూస్తారు. రిపోర్టులు రంగురంగులుగా ఉంటాయి, ధర దగ్గర బేరం కుదురుతుంది. మర్నాటి నుంచి దాంట్లో సమాచారం ఎక్కించాల్సింది మాత్రం రిసెప్షన్ కుర్రాడు, గదులు తుడిచే అమ్మ, స్టోరు చూసే మనిషి, డ్రైవరు. డెమో జరిగినప్పుడు వీళ్లలో ఒక్కరూ ఆ గదిలో ఉండరు. వీళ్లకి నమ్మకం కుదరకపోతే ఎంత ఖరీదు పెట్టిన సిస్టమైనా అబద్ధాలే లెక్కపెడుతుంది. అందుకే ఈ పోలికలో ధరని వెనక్కి జరిపాను. ముందు చూడాల్సింది ఒక్కటే: ఈ సిస్టంకి మన సిబ్బంది నిజం చెబుతారా?

కొనేముందు చూడాల్సినవి

నేను చూసిన ఒక హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్లకి ఫోన్ యాప్ ఇచ్చారు. గదిలోకి పోయేటప్పుడు ఒక బటన్, పని అయ్యాక ‘క్లీన్’ అని ఇంకో బటన్ నొక్కాలి. గదికి 25 నిమిషాలు దాటితే మేనేజరు స్క్రీన్ మీద ఆ గది ఎర్రగా మారుతుంది. మొదటి నెలే ఎర్ర గడుల లెక్కతో జీతంలో కోత పడింది. ఆ తర్వాత గదులన్నీ 25 నిమిషాల లోపే అయిపోవడం మొదలైంది. బాత్రూం కడగకముందే బటన్ నొక్కేసి, ఆ తర్వాత నింపాదిగా పని చేసుకునేవాళ్లు. రిసెప్షన్‌లో గది పచ్చగా కనపడేది, తాళం ఇచ్చేవాళ్లు, అతిథి సామాన్లతో పైకి పోతే నేల తడిగా ఉండేది, పాత టవళ్లు అక్కడే ఉండేవి. కిందికొచ్చి అరిచేవాడు. ఆ నెల రిపోర్టు మాత్రం అంతకు ముందెన్నడూ లేనంత బాగుంది. ఆ అమ్మల్లో పెద్దావిడ నాతో అన్నమాట ఇది: “మేం సోమరిగా ఉండామేమోనని చూసేదానికే గదా సార్ దీన్ని పెట్టింది? చూసుకోనీండి.”

సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. బటన్ నొక్కితే తమకు నష్టమే తప్ప లాభం లేదని వాళ్లకి అర్థమైంది, అంతే.

ఈ విషయం మీద పరిశోధన చాలాకాలంగా ఉంది. కొత్త సిస్టంని ఉద్యోగి వాడతాడా లేదా అన్నది, అది తన పనికి ఉపయోగమనిపించడం మీదా, వాడకం తేలిగ్గా తోచడం మీదా ఆధారపడుతుందని ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పాడు. ఒక మనిషి ఇంకొకరిని నమ్మేటప్పుడు మూడు చూస్తాడని మేయర్, డేవిస్, షూర్‌మన్ 1995లో రాశారు (ఈ డేవిస్ వేరే ఆయన). అవతలివాడికి పని చేతనవునా, నా మంచి కోరతాడా, మాట మీద నిలబడతాడా అన్నవి ఆ మూడు. హోటల్ పనివాళ్లని కూర్చోబెట్టి అడిగితే ఇవే ప్రశ్నలు వాళ్ల మాటల్లో వస్తాయి. మెషీన్ లెక్క సరిగ్గా వేస్తుందా? మా మీద నిఘాకా, మా పని తేలిక చేయడానికా? ఇప్పుడు ఒకటి చెప్పి రేపు ఇంకొకటి చేస్తారా? మొదటిదానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ జవాబు చెప్పగలదు. మిగతా రెండూ ఓనరు చెప్పాల్సినవి.

కొలబద్దలుగా నేను తీసుకున్నవి ఇవి.

ఎవరి లెక్క ఎవరికి కనపడుతుంది? ఓనరుకి అన్నీ కనపడి, పనివాడికి తన హాజరు కూడా కనపడని సిస్టం మీద నమ్మకం పుట్టదు. తన పని గంటలు, ఓవర్‌టైము, మిగిలిన సెలవులు, సర్వీస్ చార్జీలో వాటా, అన్నిటికన్నా ముందు తీసుకున్న అడ్వాన్సు ఎంత తీరింది, ఎంత మిగిలింది అన్నది మనిషి తనంతట తాను చూసుకోగలగాలి. మనవైపు పండగకో, పిల్లల ఫీజులకో, ఆస్పత్రికో అడ్వాన్సు తీసుకోని పనివాడు అరుదు. ఆ లెక్క మేనేజరు జేబులో పుస్తకంలోనే ఉన్నంతకాలం గొడవలు తప్పవు. ఏ సిస్టం అమ్మినా ఈ ఒక్కటి అడగండి. చాలామంది దగ్గర జవాబుండదు.

తప్పు పడితే దిద్దే దారి ఉందా? హాజరు పడలేదు, గది నంబరు తప్పు కొట్టారు, బిల్లు రెండుసార్లు వచ్చింది. దిద్దడానికి చెన్నైకో హైదరాబాదుకో ఫోన్ చేయాల్సి వస్తే, దిద్దేలోపు జీతంలో కోత పడిపోతే, ఆ ఒక్కసారితోనే నమ్మకం పోతుంది.

ఫోన్ ఎవరిది, డేటా ఎవరిది? సొంత ఫోన్లో యాప్ వేసుకోమనడం చిన్న విషయంగా కనపడుతుంది, కాదు. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో ఉపాధ్యాయులకి ముఖ హాజరు యాప్ తెచ్చినప్పుడు సంఘాలు ఎదురు తిరిగింది ఇక్కడే. సొంత ఫోన్లలో వేసుకోబోమని, కావాలంటే పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలని గట్టిగా అడిగారు. బీఈడీలు చదివినవాళ్లకే అంత అనుమానం వస్తే, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న గది పనావిడకి రాకుండా ఎలా ఉంటుంది?

కరెంటు, నెట్టు పోతే? కోస్తాలో ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేముందు నెల్లూరుని ముంచెత్తింది. దారులు మూసుకుపోయి జనం గదుల కోసం వచ్చేది, నెట్టు లేకుండా పోయేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

మన లాడ్జీ పద్ధతికి సరిపోతుందా? మనవైపు లాడ్జీల్లో 24 గంటల చెకౌట్ మామూలే. తెల్లవారుజామున 3 గంటల రైలుకి దిగినవాళ్లు మర్నాడు అదే వేళకి ఖాళీ చేస్తారు. మధ్యాహ్నం 12 గంటల చెకౌట్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్లు దీన్ని రెండు రోజుల అద్దెగా చూపిస్తాయి. రిసెప్షనిస్టు ప్రతిసారీ చేత్తో సరిచేయాలి. నెల తిరిగేసరికి “ఈ కుర్రాడు ఇన్నిసార్లు బిల్లు మార్చాడేంటి?” అని రిపోర్టు వస్తుంది. నిజాయతీగా పనిచేసేవాణ్ణి దొంగలా చూపించే సిస్టం ఇది. డెమోలోనే తెల్లవారుజామున చెకిన్ చేయించి చూడండి.

భాష గురించి ఒక్కమాట. వంటగదుల్లో, గదుల పనిలో తెలుగువాళ్లతో పాటు తమిళం, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ఉంటారు. తెర మీద ఇంగ్లీషు మాటలకన్నా బొమ్మలు, రంగులు, అంకెలు ఉన్నదే నయం.

ఒక్క చూపులో

| | రిజిస్టరు, వాట్సాప్ | షేర్డ్ షీటు | రిసెప్షన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ | క్లౌడ్, ఫోన్ యాప్ |
|---|---|---|---|---|
| తన లెక్క తనకి కనపడటం | అడిగితే చూపిస్తారు | పర్మిషన్ ఇస్తే | దాదాపు ఉండదు | ఉంటుంది, ఓనరు తెరవాలి |
| తప్పు దిద్దడం | తేలిక, ఎవరు దిద్దారో తెలియదు | తేలిక, చరిత్ర ఉంటుంది | పాస్‌వర్డ్ ఉన్నవాళ్లే | అనుమతితో, చరిత్ర ఉంటుంది |
| నెట్టు లేకుంటే | రిజిస్టరు నడుస్తుంది | కష్టం | నడుస్తుంది | చాలావాటికి కష్టం |
| నిఘా భయం | తక్కువ, గ్రూపులో తిట్లు ఎక్కువ | మధ్యస్థం | రిసెప్షన్ వరకే | ఎక్కువ |
| ఆన్‌లైన్ బుకింగులు కలవడం | లేదు | లేదు | కొన్నిటికి | ఉంటుంది |
| అతిథుల వివరాల భద్రత | బలహీనం | మధ్యస్థం | బ్యాకప్ మీద ఆధారం | లాగిన్ల మీద ఆధారం |

రిజిస్టరు, వాట్సాప్ గ్రూపు

దీన్ని పాతకాలం పద్ధతని కొట్టిపారేయడం సరికాదు. రిజిస్టర్లో సంతకం పెట్టిన మనిషికి తన చేతిరాత తనకి సాక్ష్యం. “ఆ రోజు నేనొచ్చినా, ఇదిగో సంతకం” అని వేలు పెట్టి చూపించగలడు. ఈ ధైర్యం ఏ యాపూ తేలిగ్గా ఇవ్వలేదు.

చిక్కంతా వాట్సాప్ గ్రూపుతోనే. 204 గదిలో గీజర్ పనిచేయట్లేదని ఫొటో పెడితే ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో వస్తాడు, అంతవరకు బాగుంది. అదే గ్రూపులో రాత్రి 11 గంటలకి “రేపు పొద్దున్నే 6కి రావాలి” అని మెసేజీ పడుతుంది, చూడనివాడిది తప్పవుతుంది. అందరి ముందూ ఒకరిని తిడతారు. ఇంకా పెద్ద ప్రమాదం అతిథుల ఆధార్ ఫొటోలు. గ్రూపులో పెట్టిన ప్రతి ఫొటో, సెట్టింగు మార్చకపోతే, అందరి ఫోన్ గ్యాలరీల్లోకీ చేరిపోతుంది. మానేసి వెళ్లిన కుర్రాడి ఫోన్లోనూ ఉండిపోతుంది. రేపు ఏదైనా జరిగితే అనుమానం ముందు పడేది వాడి మీదే. సిబ్బందిని ఆ అపాయంలో పెట్టకండి. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తెచ్చుకోమని అతిథులకి ముందే చెప్పొచ్చు. గ్రూపులో గుర్తింపు కార్డులు పెట్టకూడదన్న నియమం ఇవాళే పెట్టొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

షేర్డ్ షీటు

గూగుల్ షీట్స్‌లో గదుల పట్టిక, పక్కన టాలీలో లెక్కలు. పదీ పదిహేను గదుల వాళ్లకి ఇది చాలు. ఇందులో నాకు నచ్చేది వర్షన్ హిస్టరీ. ఎవరు ఏ గడిలో ఏమి మార్చారో, ఎప్పుడు మార్చారో తెలుస్తుంది. దీన్ని సిబ్బందికి ముందే తెరిచి చూపించాలి. “నీ ఎంట్రీని ఇంకొకరు మారిస్తే ఇక్కడ పట్టుబడుతుంది” అని చెబితే అదే వాళ్లకి అండ అవుతుంది. చెప్పకుండా దాచిపెట్టి, ఎప్పుడో గొడవొచ్చినప్పుడు తీసి చూపిస్తే అదే నిఘా అవుతుంది.

ఆన్‌లైన్ బుకింగులు పెరిగితే ఇది చేతులెత్తేస్తుంది. మేక్‌మైట్రిప్‌లో ఒకటి, బుకింగ్ డాట్ కామ్‌లో ఒకటి ఒకే గదికి పడితే, రాత్రిపూట ఇద్దరు అతిథుల మధ్య నిలబడేది మీరు కాదు, నైట్ డ్యూటీ కుర్రాడు.

రిసెప్షన్ కంప్యూటర్లో వేసే సాఫ్ట్‌వేర్

మన ఊళ్లలో ఇది బాగా పాతుకుపోయింది. నెట్టు లేకపోయినా నడుస్తుంది, బిల్లు చకచకా వస్తుంది. 24 గంటల చెకౌట్‌కి తగ్గట్టు దగ్గర్లోని డెవలపర్లే రాసిచ్చినవీ ఉన్నాయి.

కానీ చాలాచోట్ల దీనికి ఒకే పాస్‌వర్డ్. మూడు షిఫ్టుల వాళ్లూ ‘అడ్మిన్’ పేరుతోనే లోపలికి పోతారు. పొద్దున 8 గంటలకి షిఫ్టు మారేటప్పుడు డ్రాయర్లో 1,200 రూపాయలు తక్కువ వచ్చిందనుకోండి. రాత్రివాడు “నేను లెక్క సరిగ్గానే అప్పజెప్పినా” అంటాడు. పగటివాడు “నేను వచ్చేటప్పటికే తక్కువుంది” అంటాడు. సాఫ్ట్‌వేర్ని అడిగితే అన్ని బిల్లులూ అడ్మినే కొట్టాడంటుంది. చివరికి ఇద్దరి జీతాల్లోనూ చెరి 600 కోస్తారు. ఇద్దరిలో ఒకడు ఏ తప్పూ చేయలేదని ఓనరుకీ తెలుసు. ఇలా రెండుమూడు సార్లు జరిగాక ఆ కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ని నమ్మడం మానేసి, తమ సొంత చిన్న పుస్తకంలో లెక్క రాసుకోవడం మొదలుపెడతారు. రిసెప్షన్ డెస్కు కింద అలాంటి పుస్తకం కనపడిందంటే పైనున్న సిస్టం మీద ఎంత నమ్మకముందో తెలిసిపోతుంది.

దీనికి మందు ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లోనే దొరుకుతుంది. మనిషికో లాగిన్ ఇవ్వండి, షిఫ్టు మారేటప్పుడు క్యాష్ అప్పగింత కాగితం ప్రింటు తీసి ఇద్దరి చేతా సంతకం పెట్టించండి. చాలామంది కొత్త సిస్టం కొనాలనుకునేది ఈ గొడవ తీరడానికే. ముందు ఇది చేసి చూడండి, కొనక్కర్లేకపోవచ్చు.

బ్యాకప్ సంగతి మరిచిపోవద్దు. కంప్యూటర్ కింది అంతస్తులో ఉండి నీళ్లొస్తే లెక్కలన్నీ పోతాయి.

క్లౌడ్ సిస్టం, ఫోన్ యాప్‌తో

సూరత్ కంపెనీ ఈజీ (eZee), బెంగళూరు కంపెనీ ఐడీఎస్ నెక్స్ట్ లాంటివి మనదేశంలో బాగా తెలిసినవే. పెద్ద గొలుసు హోటళ్లలో ఒరాకిల్ వాళ్ల ఓపెరా కనపడుతుంది. బుకింగ్ సైట్లన్నీ ఒకచోట కలుస్తాయి, డబుల్ బుకింగ్ గొడవ చాలామటుకు తగ్గుతుంది. జీఎస్టీ రేట్లు మారినా మీరు పెద్దగా తిప్పలు పడక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకు ఉన్న గదుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, సాఫ్ట్‌వేర్లో రేటు మార్చని చోట్ల బిల్లులు పాత రేటుతోనే కొట్టి అతిథుల చేత మాటలు పడింది రిసెప్షన్ వాళ్లే.

సిబ్బంది వైపు నుంచి చూస్తే దీని మంచీ చెడూ రెండూ ఒకే చోట ఉన్నాయి. ప్రతి పనీ ఏ టైముకి అయిందో నమోదవుతుంది. అదే టైముతో గది పనావిడ “నేను 11:10కే పూర్తి చేశాను, రిసెప్షన్ వాళ్లే ఒంటిగంటకి తాళం ఇచ్చారు” అని నిరూపించుకోగలదు. అదే టైముతో ఆమె జీతమూ కోయొచ్చు. ఏది జరుగుతుందన్నది సాఫ్ట్‌వేర్ తేల్చదు. అందుకే దీన్ని పెట్టే ఓనరు ఒక మాట ఇవ్వాలి: గది టైములు మనుషుల్ని పోల్చడానికి వాడం, ఒక్కొక్కరికి గదులు సరిగ్గా పంచడానికే వాడతాం అని. ఒకే కుటుంబం నలుగురు పిల్లలతో రెండ్రోజులున్న గదికీ, ఆఫీసు పని మీద వచ్చి ఒక రాత్రి పడుకున్నాయన గదికీ ఒకే టైము పెట్టడం అన్యాయం. చెకౌట్ అయిన గదికీ, అతిథి ఉండగా సర్ది వచ్చే గదికీ వేరువేరు టైములు పెట్టగల సిస్టమైతేనే తీసుకోండి.

ఫోన్లు హోటలే కొని అంతస్తుకొకటి పెట్టాలి. నెట్టు లేనప్పుడు ఎంట్రీలు దాచుకుని తర్వాత పంపే వీలుందా అని అడగండి. లేకపోతే గదుల పట్టిక రోజుకి రెండుసార్లు ప్రింటు తీసి పెట్టుకోవడం తప్పదు.

హాజరు విషయం విడిగా తేల్చుకోవాలి

గదుల సిస్టంతో కలిపి హాజరు మెషీన్ కూడా అంటగడతారు. తొందరపడకండి. సిబ్బంది నమ్మకం ఎక్కువగా చెడేది ఇక్కడే.

వేలిముద్ర మెషీన్ కొనేముందు మీ లాండ్రీ మనిషి చెయ్యి ఒకసారి చూడండి. బ్లీచింగూ, సోడా, ఫినాయిల్ నీళ్లలో రోజంతా నానిన వేళ్లు. చర్మం తెల్లగా ఉబ్బి, గీతలు అరిగిపోయి ఉంటాయి. వంటగదిలో ఉల్లిపాయలు, కొబ్బరి కోసేవాళ్లకీ, చేపలు శుభ్రం చేసేవాళ్లకీ ఇంతే. మెషీన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు, తుడుచుకుని మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర లైటు. వెనక లైన్లో ఉన్నవాళ్లు తొందరపెడుతుంటారు. నాలుగోసారికి పచ్చ లైటు వెలిగేసరికి టైము 9:02 అయ్యుంటుంది, ఆలస్యం కింద రాసేస్తుంది. ఆఫీసులో కూర్చునే అకౌంటెంటు వేలు మాత్రం మొదటిసారికే పడుతుంది. ఎక్కువ కష్టపడేవాడినే ఎక్కువసార్లు అనుమానించే మెషీన్‌ని ఎవరు నమ్ముతారు? పెట్టాలనుకుంటే వేలుతో పాటు కార్డో, నంబరో పనిచేసే మెషీన్ తీసుకోండి. పదో పదిహేనో నిమిషాలు వెసులుబాటు పెట్టండి.

ముఖం చూసే మెషీన్ గోడకి బిగించినదైతే తడి చేతుల బాధ ఉండదు. ఫోన్లో లొకేషన్‌తో కలిపి తీసుకునేది వేరే సంగతి. డ్యూటీ అయ్యాక కూడా యాప్ లొకేషన్ చూస్తుందేమోనన్న భయం ఆడవాళ్లకి మరీ ఎక్కువ. ఆ భయం న్యాయమైనదే. డ్యూటీ లేనప్పుడు లొకేషన్ తీసుకోదని ఫోన్లో తెరిచి చూపించలేకపోతే అది వద్దు.

20 మంది లోపు సిబ్బంది ఉంటే నా సలహా సంతకం రిజిస్టరే, రాకా పోకా టైములతో. వారం చివర దాన్ని ఫొటో తీసి అందరికీ కనపడేలా పెట్టండి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలన్నది చట్టం. రాకని నిమిషాలతో లెక్కపెట్టి, పోయే టైముని పట్టించుకోని హాజరు సిస్టం ఎవరి కోసం పెట్టారో పనివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ట్రావెల్స్ వాళ్లకి: జీపీఎస్

2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన టాక్సీలు, బస్సుల లాంటి ప్రయాణికుల వాహనాలకి లొకేషన్ పరికరం, పానిక్ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. కాబట్టి జీపీఎస్ పెట్టాలా వద్దా అన్నది మీ చేతుల్లో పెద్దగా లేదు. ఆ సమాచారంతో ఏం చేస్తారన్నది మీ చేతుల్లో ఉంది. ఒంగోలు నుంచి శ్రీశైలం ఘాట్ దాకా రాత్రంతా నడిపి వచ్చిన డ్రైవరుని “దోర్నాల దగ్గర 40 నిమిషాలు ఎందుకాగినావు?” అని గద్దిస్తే, రేపు నిద్రొచ్చినా ఆగడు. కార్లో ఉన్నవాళ్లంతా ఆ ప్రమాదంలో పడతారు. అదే రికార్డుతో “నిన్న 13 గంటలు నడిపినావు, ఇవాళ ట్రిప్ వద్దు, రెస్ట్ తీసుకో” అంటే పరికరం పనిచేయకపోతే అతనే వచ్చి చెబుతాడు. అతిథి “దారి తప్పించి ఎక్కువ కిలోమీటర్లు తిప్పాడు” అని గొడవపెట్టినప్పుడు డ్రైవరు పక్షాన నిలబడే సాక్ష్యం కూడా అదే.

ఎవరికి ఏది?

మైపాడు, కొత్తపట్నం లాంటి బీచ్‌ల దగ్గర పది కాటేజీల లోపు: షేర్డ్ షీటు, సంతకం రిజిస్టరు. వాట్సాప్ గ్రూపు రిపేర్ల వరకే. ఆదివారాలు, కార్తీకమాసం తప్ప రద్దీ ఉండదు, నెలనెలా సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టక్కర్లేదు.

కావలి, ఒంగోలు హైవే లాడ్జీలు: రిసెప్షన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేరే మంచిది. మనిషికో లాగిన్, 24 గంటల చెకౌట్, నెట్టు లేకుండా నడవడం, ఈ మూడూ ఉండాలి.

నెల్లూరు టౌన్లో 30 గదులు దాటి, కృష్ణపట్నం పోర్టు పనుల మీద వచ్చే కంపెనీల వాళ్లు, ఆన్‌లైన్ బుకింగులు ఎక్కువున్న హోటళ్లు: క్లౌడ్‌కి పోక తప్పదు. విదేశీ ఇంజనీర్లు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, అది మరిచిపోకుండా గుర్తుచేసేది కూడా కావాలి. ఇక్కడ డబ్బుకన్నా సిస్టంని సిబ్బందికి పరిచయం చేసే తీరు ముఖ్యం, కింద రాశాను.

పెంచలకోన, జొన్నవాడ లాంటి క్షేత్రాల్లో సత్రాలు, కాటేజీలు చూసేవాళ్లకి బ్రహ్మోత్సవాలప్పుడు, సెలవుల్లో తప్ప పెద్ద సిస్టం అక్కర్లేదు. కానీ గది కేటాయింపు టోకెను నంబర్లతో, అందరికీ కనపడేలా జరగాలి. గది ఎవరికిచ్చారన్న దానిమీద భక్తుల కోపం ఎదురుగా కనపడే కౌంటర్ మనిషి మీదకే వస్తుంది. వరస బయటికి కనపడితే అతనికదే రక్ష.

పెట్టేటప్పుడు

రొట్టెల పండగకి నెల ముందు కొత్త సిస్టం మొదలుపెట్టవద్దు. మొహర్రం రోజుల్లో ఐదు రోజులపాటు స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గాకి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, నెల్లూరులో గది దొరకదు. పైగా ఆ తేదీలు ఏటా దాదాపు 11 రోజులు ముందుకి జరుగుతాయి. సాఫ్ట్‌వేర్లో పోయినేడు పెట్టిన రద్దీ రోజుల రేట్లు ఈ ఏడు అదే తేదీలకి పెడితే తప్పు రేటు చెప్పిన పాపం రిసెప్షన్ మీద పడుతుంది. పెళ్లి ముహూర్తాలు లేని రోజులు చూసుకుని మొదలుపెట్టండి.

ముందు సిబ్బందికి పనికొచ్చే భాగం తెరవండి. డ్యూటీ చార్టు, సెలవులు, అడ్వాన్సు బాకీ, ఓవర్‌టైము. వాళ్లు తమ లెక్క చూసుకోవడానికి వారం పాటు దాంట్లోకి పోతే, ఆ తర్వాత గదుల పని ఎక్కించమనడం తేలిక. మొదటి నెల సిస్టం చూపించిన దేనిమీదా జరిమానా ఉండదని నోటితో చెప్పడం కాదు, నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి సంతకం పెట్టండి. నేర్పేటప్పుడు సూపర్‌వైజరుకి మాత్రమే నేర్పి వదిలేయకండి. గదుల వాళ్లలో నలుగురూ మాట వినే పెద్దావిడ ఉంటుంది, ఆమె చేతికి ముందు ఫోన్ ఇవ్వండి. ఆమె “ఈ బటన్ ఇక్కడుంటే మాకు కష్టం” అంటే ఆ బటన్ మార్పించండి. ఆ మార్పు చేయడం కుదరదని కంపెనీ వాళ్లు అంటే, ఒప్పందం కుదరకముందే వాళ్ల సంగతి తెలిసినట్టు.

పనిచేసేవాళ్లకి

మీరు ఓనరు కాకుండా ఇది చదువుతుంటే, కొత్త సిస్టం వస్తోందన్నప్పుడు వద్దనడం కన్నా నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగడం మేలు. నా హాజరూ, అడ్వాన్సూ నేను ఎక్కడ చూసుకోవాలి సార్? తప్పు పడితే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో దిద్దుతారు? నా లాగిన్ నాకొక్కడికేనా? నా ఫోటో, వేలిముద్ర ఎవరి దగ్గర ఉంటాయి? మీ పాస్‌వర్డ్ ఎంత దోస్తుకైనా ఇవ్వకండి, ‘కాసేపు నీ లాగిన్లో బిల్లు కొడతా’ అన్నవాడికి అసలివ్వకండి. షిఫ్టు దిగేటప్పుడు క్యాష్ అప్పగింత కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

మానేసినప్పుడు, మార్చినప్పుడు

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటాని భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఉద్యోగ అవసరాలకి సిబ్బంది వివరాలు వాడుకోవడానికి చట్టం వీలిచ్చింది, ఆ పేరుతో ఏళ్ల తరబడి దాచుకోవడానికి కాదు. కాబట్టి ఒప్పందం రాసేటప్పుడే రెండు సంగతులు రాయించుకోండి. సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంటే పాత లెక్కలన్నీ ఎక్సెల్‌లో ఇవ్వాలి, అందులో సిబ్బంది జీతం, ఓవర్‌టైము రికార్డులు కూడా ఉండాలి. మనిషి మానేసిన రోజు అతని లాగిన్ మూసేయాలి, బాకీ జీతం తీర్చేటప్పుడే హాజరు మెషీన్లో అతని వేలిముద్ర, ముఖం తీసేసి, తీసేసినట్టు అతని కళ్లముందే తెర మీద చూపించాలి.